గడ్డ కరిగాక కూడా పరీక్షలెందుకు?

"స్కానింగులో గడ్డ కనబడలేదన్నారు కదండీ, మళ్లీ ఎందుకు రమ్మంటున్నారు?" కాలేయ క్యాన్సరుకు చికిత్స పొందినవారు, వారి ఇంట్లోవారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. బస్సు ఖర్చు, పోయిన కూలి లెక్క వేసుకుని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలుకల మీద జరిగిన ఒక పరిశోధనలో దీనికి కొంత జవాబు ఉంది.

మన కణాల్లో 'మిక్' అనే జన్యువు ఉంటుంది. అది చెడ్డదేమీ కాదు. కణాలు ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు విభజన చెందాలో చెప్పే మేస్త్రీ వంటిది. పని పూర్తయ్యాక మేస్త్రీ ఊరుకోవాలి. ఊరుకోకుండా రాత్రింబవళ్లు పురమాయిస్తూనే ఉంటే కణాలు అదుపు తప్పి గడ్డ కట్టవచ్చు. మనుషులకు వచ్చే కాలేయ క్యాన్సర్లలో కూడా చాలావాటిలో ఈ జన్యువు మితిమీరి పనిచేస్తుంది.

డాక్టర్ డీన్ ఫెల్షర్ బృందం ఎలుకల కాలేయంలో ఈ జన్యువుకు స్విచ్ వంటి ఏర్పాటు చేసింది. తాగే నీళ్లలో డాక్సీసైక్లిన్ అనే మందు కలిపితే జన్యువు ఆగిపోతుంది, మందు మానేస్తే పనిచేస్తుంది. (ఈ ఏర్పాటు ఆ ఎలుకల్లో మాత్రమే ఉంది. దయచేసి ఎవరూ ఆ మందు కొని వాడకండి, దానితో మనుషుల క్యాన్సరు తగ్గదు.)

మందు మానేసినప్పుడు ఎలుకలకు కాలేయ క్యాన్సరు వచ్చింది. తిరిగి ఇచ్చినప్పుడు గడ్డలు కరిగిపోయాయి. అంతకన్నా వింత, క్యాన్సరు కణాల్లో కొన్ని మామూలు కాలేయ కణాలుగా, పిత్తనాళాల కణాలుగా మారాయి! 2004లో 'నేచర్' పత్రికలో ఈ ఫలితాలు వెలువడ్డాయి. అయితే మందు మళ్లీ ఆపి చూడగా, మంచివారిలా కనిపించిన ఆ కణాల్లో కొన్ని తిరిగి క్యాన్సరు కణాలయ్యాయి. అవి పోలేదు, నిద్రపోయాయంతే.

ఎలుకకు వచ్చినట్టే మనిషికీ వస్తుందని మేము చెప్పడం లేదు. మనుషుల్లో హెపటైటిస్ బి, సి వైరస్‌లు, మద్యం, బూజు పట్టిన వేరుశనగల్లోని విషం వంటివి ఏళ్ల తరబడి కాలేయాన్ని దెబ్బతీస్తాయి, చెడిపోయే జన్యువులూ అనేకం. మిక్‌ను నేరుగా ఆపే మందు నేటికీ మామూలు చికిత్సలోకి రాలేదు. గడ్డ తీసేసిన తరువాత మిగిలిన కాలేయంలో కొత్త గడ్డ పుట్టే అవకాశమూ ఉంది.

అందుకే మొదటి రెండేళ్లు 3 నుండి 6 నెలలకొకసారి స్కానింగుకు, రక్తపరీక్షకు రమ్మంటాము. చెప్పిన రోజున కుదరకపోతే ఆ వారంలోనే మరో రోజు రండి, పాత రిపోర్టులు మరువకండి.