మన్ను గప్పిన బాలికల దండు

తామ్రపర్ణి యొడ్డున నున్న ఆదిచ్చనల్లూరునకు మా వత్రాప్ బడి పిల్లలను వెంటబెట్టుకొని పోయితిని. మృతులను పెద్ద మట్టికాగులలో నుంచి పాతిపెట్టిన యా దిబ్బను అలెగ్జాండర్ రే 1899 మొదలు 1905 వరకు త్రవ్వించెను. కాగులతోడ కంచుపాత్రలు, ఇనుప ఆయుధములు, నొసట గట్టు బంగారు పట్టములు, వరిపొట్టు సయితము బయల్పడినవి. 2023లో కొన్ని కాగులను ఉన్నచోటనే గాజుపలకల క్రింద చూపు ఏర్పాటు జరిగినది. అరవమున వీనిని ముదుమక్కళ్ తాఴి యందురు. (మంగళసూత్రమగు తాళి వేరు, మన ప్రాచీన శాసనములలోని ఴకారము నేడును వ్రాతలో నిలిచియుండినచో మా పిల్లలు తడబడకుందురు.) గాజుపై వంగి చూచుచు ఒక బాలిక, “అయ్యా, లోపల నున్నది ఆడమనిషియా, మగమనిషియా?” యని యడిగెను. ఆ ప్రశ్న నాకు చీనాదేశమున నొక శిల్పురాలు చేసిన పనిని జ్ఞప్తికి దెచ్చినది.

చీనాలో షాంగ్ రాజుల కాలమున, చనిపోయిన ప్రభువునకు పరలోకమున సేవ చేయుటకై మనుష్యులను జంపి అతనితో బూడ్చెడివారు. కాలక్రమమున మనుష్యుల స్థానమున బొమ్మలు వచ్చినవి. మట్టి యిండ్లు, మట్టి ధాన్యపుకొట్లు, మట్టి సేవకులు సమాధులలోని కెక్కిరి. క్రీ.పూ. 210లో మరణించిన చిన్ షి హువాంగ్ చక్రవర్తి సమాధిచెంత నిలిపిన దండు వీనిలో మిక్కిలి ప్రసిద్ధము. 1974లో షియాన్ నగరసమీపమున రైతులు బావి త్రవ్వుచుండగా నది బయటపడినది. సుమారు 8000 మంది యోధులని అంచనా. అందరును పురుషులే.

ఫ్రాన్సు దేశపు శిల్పురాలు ప్రూన్ నూరీ ఆ దండునకు జోడుగా 2013లో బాలికల దండును రూపొందించెను. ఎనిమిదిమంది అనాథ బాలికల పోలికలతో ముందు మూర్తులు చేసి, షియాన్ కుమ్మరుల తోడ్పాటున తలలు, మొండెములు, కాళ్లు మార్చి కూర్చి 108 మూర్తులను కాల్పించెను. వారి యుడుపు నేటి బడిపిల్లల యుడుపే. చీనాలో 1980 నుండి ఒకే బిడ్డ నియమము నడచెను. మగబిడ్డపై మక్కువ దానికి తోడయ్యెను. 2010 జనాభా లెక్కలలో ప్రతి 100 మంది ఆడశిశువులకు సుమారు 118 మంది మగశిశువులు తేలిరి. పుట్టవలసియు పుట్టని యా బిడ్డలకు ఈ మూర్తులు ప్రతినిధులు. చీనావారిని వ్రేలెత్తి చూపు అర్హత మనకు లేదు. ఆడశిశువులను జంపకుండుటకై తమిళనాట 1992లో ప్రభుత్వమే తొట్టిళ్లు పెట్టవలసి వచ్చెను గదా!

మూర్తులు పలుదేశములలో ప్రదర్శింపబడిన పిమ్మట 2015లో, చీనాలోనే, రహస్యమైన యొకచోట మట్టిలో పూడ్చబడినవి. ఇది వట్టి ఆర్భాటమని కొందరనవచ్చును. నాకట్లు తోపలేదు. పూర్వులు మృతుని కొరకు బూడ్చిరి; ఈమె త్రవ్వువారి కొరకు బూడ్చినది. పురావస్తు శాస్త్రజ్ఞుడు వెనుకకు వేయు ప్రశ్న యిచ్చట ముందునకు వేయబడినది.

త్రవ్వుటకు ఆమె పెట్టిన గడువు 2030. గాజుపై వంగి నన్నడిగిన బాలిక అప్పటికి మా బడి విడిచియుండును.