వార్తల్లో పదం: లేజర్ ఆయుధం

2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో పరీక్షా క్షేత్రంలో ఒక డ్రోన్ కూలింది. తూటా లేదు, క్షిపణి లేదు. హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల ‘చెస్’ రూపొందించిన 30 కిలోవాట్ల లేజర్ చేసిన పని అది.

కిరణం కాంతి వేగంతో చేరుతుంది, నిజమే. చేరగానే పని అయిపోదు. భూతద్దంతో కాగితం కాల్చిన పిల్లల్ని అడగండి: చుక్క కదిలిందా, కాగితం అంటుకోదు. ఎగిరే డ్రోన్ మీద ఒకే చోట కొన్ని సెకన్లు కిరణాన్ని నిలపాలి. డ్రోన్లు గుంపుగా వస్తే, ఈలోగా మిగతావి వచ్చేస్తాయి.

ఇక గాలి. కర్నూలు పొడిగాలి వేరు, పుదుచ్చేరి గోరిమేడులో ఒళ్లంతా జిడ్డుచేసే ఉక్కపోత వేరు. తేమ, దుమ్ము, పొగమంచు కిరణాన్ని మింగుతాయి, చెదరగొడతాయి. పైగా కిరణం తన దారిలోని గాలిని తానే వేడెక్కించి చెదిరిపోతుంది. దీన్నే థర్మల్ బ్లూమింగ్ అంటారు. మబ్బు అడ్డొస్తే ఇక చెప్పేదేముంది!

కాల్పు ఖర్చు చవకే. కానీ వాడే కరెంటులో సగానికి పైగా వేడిగా పోతుంది కాబట్టి, జనరేటరూ కూలింగ్ యంత్రాలూ వెంట మోయాలి. ఇన్ని పరిమితుల మధ్య లేజర్ ఒక్కటే చాలదు. 2025 ఆగస్టు 23న ఒడిశా తీరంలో జరిపిన సమీకృత గగనతల రక్షణ పరీక్షలో లేజర్ పక్కనే రెండు రకాల క్షిపణులనూ ఉంచారు.