అగరుబత్తి చూపిన చలిగాలి దారి

కోరాపుట్‌లో డిసెంబరు వచ్చిందంటే మొదటి పీరియడ్‌లో సగం పిల్లలు చేతులు రుద్దుకోవడానికే సరిపోతుంది. తూర్పు కనుమల మీద దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు ఇది. కొన్ని ఉదయాలు ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోతుంది. 1936లో ఒడిశా ఏర్పడే వరకు ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. అప్పటికే ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఇప్పుడు నేను సైన్సు చెబుతున్నాను.

పోయిన చలికాలం ఒక ఉదయం తొమ్మిదో తరగతి అమ్మాయి తలనొప్పిగా ఉందంటూ బల్ల మీద వాలిపోయింది. "రాత్రి ఏం తిన్నావమ్మా?" అని అడిగాను.

"తిండి వల్ల కాదు మాస్టారూ. ఇంట్లో అందరికీ ఇలాగే ఉంది. చలికి తలుపులన్నీ వేసేసి, బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నాం" అంది.

నా గుండె ఝల్లుమంది. వెంటనే వాళ్ల ఇంటికి కబురు పంపి, అందరినీ ఆసుపత్రికి తీసుకెళ్లాం. సాయంత్రానికి తేరుకున్నారు. మూసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్లను నిద్రలోనే చంపేయగలదు. ఆ కుటుంబం తెల్లారి లేవడం అదృష్టమే.

కుంపటి వద్దని చెప్పడం తేలిక. మరి చలికి ఏం చేయాలి? రేకుల ఇంట్లో ఉండేవాళ్లకు హీటరు కొనుక్కోమని చెప్పలేం కదా. ఉన్న వెచ్చదనాన్ని ఇల్లు ఎక్కడ పోగొట్టుకుంటోందో ముందు చూద్దామనుకున్నాం. తరగతికంతా ఒక ప్రాజెక్టు ఇచ్చాను. గాలి వీచే సాయంత్రం ఫ్యాన్లు ఆపి, పెద్దవాళ్లను పక్కన ఉంచుకుని, వెలిగించిన అగరుబత్తిని తలుపు కింద, కిటికీ రెక్కల సందుల్లో, గోడకూ కప్పుకూ మధ్యన పట్టుకుని చూడాలి. పొగ నిటారుగా లేస్తే అక్కడ సందు లేనట్టు. పక్కకు వంగితే అదే చలిగాలి దారి. తెరలకూ, పక్కబట్టలకూ నిప్పు తగలకుండా చూసుకోమని మరీ మరీ చెప్పాను.

పిల్లలు ఇంటి పటాలు గీసి, సందులున్న చోట ఎర్ర గుర్తులు పెట్టి తెచ్చారు. చాలా ఇళ్లలో తలుపు కింద వేలెడు ఖాళీ ఉంది. రేకుల ఇళ్లలో గోడకూ రేకుకూ మధ్య చెయ్యి పట్టేంత సందు. వేడి గాలి పైకి పోతుందని పుస్తకంలో చదివిన ఉష్ణసంవహనం అందరికీ తమ ఇంటి కప్పు దగ్గరే కనిపించింది.

మరమ్మతులకు పెద్ద ఖర్చు కాలేదు. పాత చీర గుడ్డను గొట్టంలా కుట్టి, ఇసుక నింపి తలుపు కింద పెట్టారు. కిటికీ సందులకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు అంటించారు. రేకుల కింద, కరెంటు తీగలకు తగలకుండా వెదురు చాపలు కట్టారు. చాపకూ రేకుకూ మధ్య నిలిచిన గాలి, గదిలోని వేడిని అంత త్వరగా పైకి పోనివ్వదు. అయితే కట్టెల పొయ్యి గానీ గ్యాస్ పొయ్యి గానీ ఉన్న గదికి ఇవేవీ చేయొద్దు. అక్కడ గాలి ఆడాల్సిందే. పడుకునే గదిలో కూడా పైన చిన్న గవాక్షం తెరిచే ఉంచాలి.

ఈ పాఠం నడుస్తుండగా వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు లేచి, "అయితే మా మామ్మ కుట్టిన బొంత కూడా అధమ ఉష్ణవాహకమేనా మాస్టారూ?" అన్నాడు. అవును, అదే. పాత చీరల పొరల మధ్య కదలకుండా నిలిచిన గాలే మన ఒంటి వేడిని కాపాడుతుంది. కప్పుకునే బొంత ఒక్కటే చాలదు, కింద కూడా ఒకటి పరుచుకోవాలి. లేకపోతే చల్లటి నేల మన వేడిని లాగేసుకుంటుంది. పుస్తకంలో మాట, మామ్మ మాట ఒకే భాషలో ఉంటే పాఠం ఎంత తొందరగా ఇంటికి చేరుతుందో ఆ రోజు చూశాను.

ఇక సూర్యుడు. చలికాలంలో ఎండ దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా పడుతుంది. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3 వరకు ఆ వైపు కిటికీలు తెరిచి, పొద్దు వాలకముందే మూసేస్తే నేల, గోడలు దాచుకున్న వేడి రాత్రికి పనికొస్తుంది. బొంతలు కూడా ఆ సమయంలోనే ఎండలో వేయాలి.

వేడినీళ్ల లెక్క తరగతిలోనే కట్టాం. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక కిలో కేలరీ కావాలి. 20 లీటర్ల బకెట్టును 15 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవాలంటే 500 కిలో కేలరీలు. ఒక యూనిట్ కరెంటు 860 కిలో కేలరీలకు సమానం. అంటే బకెట్టుకు అర యూనిట్ దాటుతుంది. రోజుకు నాలుగు బకెట్లయితే నెలకు 70 యూనిట్లు. నిండా కాకుండా 15 లీటర్లే కాస్తే అందులో నాలుగో వంతు మిగులుతుంది. మధ్యాహ్నం స్నానం చేసే పెద్దవాళ్ల నీళ్లను నల్లటి గిన్నెలో మూతపెట్టి ఎండలో ఉంచితే, ఐదు డిగ్రీలు పెరిగినా ఐదో వంతు కరెంటు ఆదా. నీళ్లు కాచే రాడ్డు వాడేవాళ్లు స్విచ్చి ఆపి, ప్లగ్గు తీశాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి.

హోసూరు, రాయగడ బడుల్లోని సాటి ఉపాధ్యాయులు కూడా ఈ అగరుబత్తి ప్రాజెక్టును ఒకసారి చేయించి చూడండి. ఒక్క సాయంత్రం పని.

ఈ డిసెంబరులో ఆ అమ్మాయి వాళ్ల ఇంటికి వెళ్లాను. తలుపు కింద ఇసుక నింపిన చీర గొట్టం, పైన వెదురు చాప కనిపించాయి. కుంపటి వాకిట్లో ఉంది. దాని చుట్టూ కూర్చుని చేతులు కాచుకుంటున్నారు. "పడుకునే ముందు నీళ్లు చల్లి ఆర్పేస్తాం మాస్టారూ, లోపలికి తేం" అంది వాళ్లమ్మ, నేను అడగకముందే.