కారు కింద నల్లటి మరక

రెండేళ్ల కిందట ఒక ఉదయం, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా ఇంటి ముందు కారు వెనక్కి తీశాను. అది నిలబడ్డ చోట పళ్లెమంత నల్లటి మరక. మూడు రోజుల ముందే ఇంజనాయిలు మార్పించాను. ఆ షాపుకి అపాయింట్‌మెంటు అక్కర్లేదు, కారు దిగే పని కూడా లేదు. కింద గోతిలో ఒకరు నట్టు విప్పుతారు, పైన ఇంకొకరు కొత్త ఆయిలు పోస్తారు, ఇరవై నిమిషాల్లో బయటపడతాం. అప్పటికి ఎనిమిదేళ్లుగా నాకదే అలవాటు.

బానెట్ ఎత్తి గేజి లాగితే, ఆయిలు కింది గీతకి అందడం లేదు. ఆ రోజు అలాగే హైవే ఎక్కి ఉంటే ఇంజను పట్టేసేదేమో. తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

మెకానిక్ వచ్చి చూసి చెప్పాడు. పాత ఫిల్టరు తీసినప్పుడు దాని రబ్బరు వాషరు ఇంజనుకే అతుక్కుని ఉండిపోయింది. అది గమనించకుండా దానిమీదే కొత్త ఫిల్టరు బిగించేశారు. రెండు రబ్బర్లు ఒకదానిమీద ఒకటి పడితే పట్టు కుదరదు, ఆయిలు ఒత్తిడికి పక్కకి జారి కారిపోతుంది. ఫిల్టరు కూర్చునే చోట గుడ్డతో తుడిచి వేలితో తడిమి ఉంటే సరిపోయేది. పది సెకన్ల పని.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. తెనాలి దగ్గర మా ఊళ్లో మా ట్రాక్టరుకి ఇంజనాయిలు ఎప్పుడూ ఆయనే మార్చేవాడు. "పాత రబ్బరు చేతికొచ్చిందో లేదో చూడకుండా ఎట్లా బిగించారమ్మా?" అన్నాడు. "బిగించాక ఇంజను ఆడించి, ఆపి, మళ్లీ కిందకి దూరి చూడాలి. అప్పుడే పని అయినట్టు."

అప్పట్నుంచీ నా 2014 హోండా అకార్డుకి నేనే మారుస్తున్నాను. 2.4 లీటర్ల ఇంజను, ఫిల్టరుతో కలిపి పట్టేది 4.2 లీటర్ల 0డబ్ల్యూ-20 ఆయిలు. మొదటి అంకె చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది, రెండోది ఇంజను వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో. మీ కారుకి ఏది పొయ్యాలో మాన్యువల్లో రాసి ఉంటుంది. దాన్నే నమ్మండి.

సమంగా ఉన్న సిమెంటు నేల చూసుకుని, ఇంజనుని కొద్ది నిమిషాలు ఆడించి ఆపేస్తాను. గోరువెచ్చటి ఆయిలు సులువుగా దిగుతుంది. హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రాలకి అడ్డుకట్టలు పెట్టి, జాకీతో లేపి, రెండు స్టాండ్ల మీద దింపుతాను. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి ఎప్పుడూ దూరకండి. జాకీ జారితే ప్రాణం పోతుంది. కారుని గట్టిగా ఊపి, కదలకపోతేనే నేను కిందకి వెళ్తాను. 17 నంబరు పానాతో డ్రెయిన్ నట్టు విప్పి, ఆయిలంతా దిగాక కొత్త వాషరుతో బిగిస్తాను. బలమంతా పెట్టి తిప్పితే మరలు పోతాయి, మొత్తం ఆయిల్ పానే మార్చాల్సి వస్తుంది. పాత ఫిల్టరు విప్పి, దాని రబ్బరు కూడా వచ్చిందో లేదో చూసుకుని, కొత్త ఫిల్టరు రబ్బరుకి వేలితో కాస్త ఆయిలు రాసి, చేత్తోనే బిగిస్తాను. చివర్లో కొత్త ఆయిలు పోసి, నాన్న చెప్పినట్టే ఇంజను ఆడించి, ఆపి, మళ్లీ కిందకి దూరి చూస్తాను.

డబ్బు కోసమే అయితే ఇది పెద్ద లాభం కాదు. నాకు సామాన్లకి 38 డాలర్లు అవుతుంది, షాపులో 95 తీసుకున్నారు. కానీ జాకీ, స్టాండ్లు, పానాలు, పళ్లెం కొనడానికి మొదట్లో 120 పైనే పెట్టాను. గంటన్నర సమయం, ఆపైన పాత ఆయిలు తీసుకెళ్లే పని. ఒక్కసారి మార్చిన ఆయిలు చాలు, పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడు చెయ్యగలదని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ చెబుతోంది. డబ్బాలో పట్టి తీసుకెళ్తే చాలా ఆటోజోన్, ఓరైలీ దుకాణాల్లో ఉచితంగా తీసుకుంటారు. కాలవలో పొయ్యడం మహా పాపం.

సొంతంగా మార్చుకుంటే వారంటీ పోతుందని చాలామంది భయపడతారు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం ఆ ఒక్క కారణంతో కంపెనీ వారంటీ నిరాకరించకూడదు. రసీదులు దాచుకుని, మైళ్లూ తేదీ రాసి పెట్టుకోండి.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకి పార్కింగులో బండి పని చేసుకోనివ్వరు, నడుం నొప్పి ఉన్నవాళ్లూ ఈ పని చేయలేరు. వాళ్లు షాపుకే వెళ్లాలి, అందులో తప్పేం లేదు. మూడువేల మైళ్లకే మళ్లీ రమ్మని అద్దం మీద కాగితం అతికిస్తే, ముందు మాన్యువల్ చూడండి. ఇప్పటి చాలా కార్లకి ఐదువేల నుంచి పదివేల మైళ్ల దాకా గడువుంటుంది. ఏసీ ఫిల్టరు మార్చమని అడిగితే వద్దనండి. చాలా కార్లలో అది గ్లవ్ బాక్సు వెనకే ఉంటుంది, ఐదు నిమిషాల్లో మీరే మార్చుకోవచ్చు.

విజయవాడ ఆటోనగర్‌లో బండి పనికిస్తే పక్కనే స్టూలేసుకుని కూర్చుని చివరి నట్టుదాకా చూసేవాళ్లం. ఇక్కడ మనల్ని సీటు దిగనివ్వని షాపులో ఆ చూపే పోయింది. మీరు షాపుకి వెళ్లినా, బయటికొచ్చాక సమంగా ఉన్న చోట ఆపి, కొద్ది నిమిషాలాగి గేజి చూడండి. మర్నాడు పొద్దున కారు తీశాక, అది నిలబడిన నేల కూడా ఒక్కసారి చూడండి.