కల్లంలో ఎరుపు, తెరపై వెలుతురు

ఫిబ్రవరిలో పర్చూరు వైపో, పల్నాడు వైపో వెళ్తే కల్లాల నిండా మిర్చి ఆరబోసి ఉంటుంది. పక్కన తెల్లగోడ ఉంటే దాని అడుగుభాగాన్ని గమనించండి. వేసింది తెల్లసున్నమే అయినా లేత ఎరుపు జీర కనిపిస్తుంది. ఎండ మిరపకాయల మీద పడి, వాటి రంగుతో గోడకు చేరడమే అందుకు కారణం. ఇదే కల్లాన్ని వీడియో గేములో చూపించాలంటే ఆ ఎరుపు ఎలా వస్తుంది? కొత్త గ్రాఫిక్స్ సాంకేతికత నిజంగా ఎంత మేలు చేస్తుందో తేల్చడానికి ఈ గోడ చాలు.

గేముల్లో చిరకాలంగా ఉన్న పద్ధతి రాస్టరైజేషన్. దృశ్యాన్ని చిన్న త్రిభుజాలుగా విడగొట్టి, తెర మీది ఏ పిక్సెల్‌లో ఏ త్రిభుజం పడుతుందో చూసి రంగు నింపుతుంది. చాలా వేగంగా సాగుతుంది. కానీ గోడకు రంగు నింపేటప్పుడు పక్కన మిర్చి ఉందన్న సంగతి దానికి పట్టదు. అందుకే వెలుతురును ముందే లెక్కగట్టి గోడ బొమ్మలో కలిపేసేవారు. ఇలా ముందే లెక్కగట్టిన వెలుతురు బొమ్మల్ని లైట్‌మ్యాప్‌లంటారు; 1996లో వచ్చిన క్వేక్ గేములోనే ఇవి ఉన్నాయి. 2008 నాటి మిర్రర్స్ ఎడ్జ్‌లో రంగుల ఛాయ తెల్లగోడలపై పరుచుకునే తీరు ఇవాళ్టికీ చూడముచ్చటగా ఉంటుంది.

రే ట్రేసింగ్ దారి వేరు. ప్రతి పిక్సెల్ నుంచి కిరణాన్ని దృశ్యంలోకి పంపి, అది దేనికి తగిలి ఎటు మళ్లుతుందో లెక్కిస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో టర్నర్ విటెడ్ ఇలా గీయించి, 1980లో ప్రచురించిన ఒక్క బొమ్మకు గంటకు పైగా పట్టింది. 2012 నాటి ‘ఈగ’ లాంటి సినిమాకైతే తీరిగ్గా లెక్కించుకోవచ్చు. సెకనుకు 60 ఫ్రేములు చూపాల్సిన గేముకు ఒక్కో ఫ్రేముకు దక్కేది దాదాపు 16.7 మిల్లీసెకన్లే. 2018లో ఎన్‌విడియా తన ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డుల్లో ఈ లెక్కల కోసమే ప్రత్యేక భాగాలు పెట్టింది. అయినా పిక్సెల్‌కు కొద్ది కిరణాలకే సమయం చాలుతుంది. బొమ్మ మచ్చలుమచ్చలుగా వస్తే మరో ప్రోగ్రాము దాన్ని నునుపు చేస్తుంది.

ఇంత శ్రమకు ఫలితం ఎక్కడ? దృశ్యం మారే చోట. ఆటగాడు మిర్చిని టిక్కీలకెత్తితే గోడ మీది ఎరుపు పోవాలి. పొద్దు వాలితే నీడలు సాగాలి. ముందే కలిపేసిన వెలుతురుకు ఈ మార్పు చేతకాదు, రే ట్రేసింగ్‌కు చేతనవుతుంది. కల్లం కదలకుండా, ఎండ మారకుండా ఉంటే మాత్రం పాత పద్ధతిలో నేర్పరి గీసిన బొమ్మకూ దీనికీ తేడా స్వల్పం.

మన కుర్రాళ్లలో ఎక్కువమంది ఆడేది ఫోన్‌లో. అక్కడ మెరుగులకు ముందు తెరకే ఒక హద్దుంది. ఆరున్నర అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో అంగుళానికి సుమారు 400 పిక్సెళ్లుంటాయి. 30 సెంటీమీటర్ల దూరం నుంచి మామూలు చూపు విడివిడిగా పోల్చుకోగలిగేది 300 దాకానే. అంతకుమించి పిక్సెళ్లు పెంచినా ఆటలో ఆ తేడా కంటికి ఆనదు. పైగా ఎండ వేడి ఉంది. ఐఫోన్‌ను 0–35 డిగ్రీల మధ్య వాడమంటుంది యాపిల్. మేలో రెంటచింతల 45 దాటిన రోజులున్నాయి. చిప్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, ఆట తడబడుతుంది. అలాంటప్పుడు నీడలు, ప్రతిబింబాల నాణ్యత తగ్గించి ఫ్రేములు నిలకడగా ఉంచుకోవడమే మేలు.

కాబట్టి కంప్యూటర్‌కు కొత్త గ్రాఫిక్స్ కార్డు కోసం డబ్బు పెట్టే ముందు, అలాంటి కార్డున్న చోట మీరు ఆడే గేములోనే ఒక చోట నిలబడి రే ట్రేసింగ్‌ను ఆపి, మళ్లీ పెట్టి చూడండి. వెలుతురు మారుతున్నప్పుడు తేడా మీ కంటికి కనిపిస్తేనే ఆ ఖర్చుకు అర్థముంది.