నేలకూ చేవ కావాలి

మన ఇళ్ళలో కర్రకు ఎన్నడూ లోటు లేదు. గడప కర్ర, ద్వారబంధం కర్ర, దూలం కర్ర, వాసం కర్ర, చివరకు ఉయ్యాలబల్ల కూడా కర్రే. నేల దగ్గరకు వచ్చేసరికి మాత్రం మన పెద్దలు దాన్ని దూరంగా ఉంచారు. మట్టి అలికారు, గచ్చు చేశారు, తాండూరు నాపరాళ్ళో బేతంచెర్ల బండలో పరిచారు. అది పిసినారితనం కాదు. మన నేలలో చెమ్మ ఉంది, చెదపురుగు ఉంది. అన్నిటినీ మించి, బిందెలతో నీళ్ళు కుమ్మరించి ఇల్లు కడిగితేగాని పండుగ వచ్చినట్టు తోచని ఇల్లాళ్ళున్నారు!

మేడ మీద సంగతి వేరు. అక్కడికి భూమి చెమ్మ ఎక్కదు. అందుకే పాత మేడల్లో టేకు దూలాల మీద పలకలు పరిచిన గదులు కనిపిస్తాయి. ఈనాడు పట్నాల్లో మనలో చాలామందిమి కాపురముండేది మేడల మీదనే. పైగా అమెరికాలో పిల్లల ఇళ్ళు చూసి వచ్చినవారు, కర్ర నేల కాళ్ళకు ఎంత హాయిగా ఉంటుందో చెబుతూనే ఉన్నారు. కనుక కోరిక పుట్టడం సహజం.

కోనసీమలోని మా పాత ఇల్లు విప్పినప్పుడు ఈ ప్రశ్న మా ఇంట్లోనూ వచ్చింది. దూలాలన్నీ టేకువి. వాటిని అడితికి అమ్మేసి, ఆ డబ్బుతో హైదరాబాదులోని తన ఫ్లాటుకు మెరిసే కొత్త చెక్క వేయించుకుంటానన్నాడు మా తమ్ముడు. “బావగారూ, ఆ చెక్క అసలుదేనా, ఒకసారి చూసి చెప్పండి” అంది మరదలు. ఆమె అనుమానం సబబే. దుకాణంవాడు అసలు చెక్క అని చూపించింది నిజానికి లామినేటు.

బజారులో కర్ర నేల పేరుతో అమ్మేవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది అచ్చమైన పలక. సుమారు 18 నుండి 20 మిల్లీమీటర్ల మందాన, పైనుంచి కింది దాకా ఒకే కర్ర. ఇది అరిగినా గీతలు పడినా మళ్ళీ చిత్రిక పట్టి, నున్నగా రుద్ది, పూత పూయవచ్చు. తరం మారినా నేల ఉంటుంది. రెండోది ఇంజనీర్డ్ చెక్క. పైన 2 నుండి 4 మిల్లీమీటర్ల అసలు కర్ర, అడుగున అడ్డంగా నిలువుగా అతికించిన పొరలు ఉంటాయి. పొర దళసరిగా ఉంటే ఒకటి రెండుసార్లు రుద్దవచ్చు. వాతావరణం మారినా ఇది అంతగా వంకర పోదు. మూడోది లామినేటు. కర్రపీచును అదిమి చేసిన అట్ట మీద, కర్ర బొమ్మ అచ్చువేసిన కాగితం, దానిపైన గట్టి పూత. చవక, గీతలకు ఓర్చుకుంటుంది. కాని నీళ్ళు లోపలికి దిగితే ఉబ్బుతుంది, రుద్దడానికేమో ఏమీ ఉండదు. పైన పటారం, లోన లొటారం!

పోల్చుకోవడం కష్టం కాదు. పలక కొసను చూడండి. పై చారలు కొస మీదుగా కిందికి దిగితే అది అచ్చమైన కర్ర. పై అంగుళంలో పదోవంతు వరకే దిగి, కింద పొరలు కనిపిస్తే ఇంజనీర్డు. చారలు అంచు దగ్గరే ఆగిపోయి, నాలుగు పలకల్లో ఒకే ముడి ఒకేచోట కనిపిస్తే అది అచ్చుబొమ్మ.

ఇక కర్రలో కర్ర. మా విద్యార్థులకు ‘చేవ’ అంటే ధైర్యమని మాత్రమే తెలుసు. చెట్టు నడిమిలోని ముదురు కర్రకు అది అసలు పేరు. టేకు చేవలో సహజమైన నూనె ఉంటుంది కనుక చెదలు అంత సులువుగా పట్టవు. చుట్టూ ఉండే లేత తెల్ల చెక్కకు ఆ రక్షణ లేదు. కనుక టేకు అంటే చాలదు, చేవ ఎంత అని అడగాలి. బర్మా టేకు అంటే వెంటనే మురిసిపోవద్దు. 2014 ఏప్రిల్ నుండి ఆ దేశం దుంగల ఎగుమతిని నిషేధించింది. కాగితాలు చూపించమనండి.

కర్ర చచ్చినా గాలిలోని చెమ్మను పీల్చడం మానదు. వానాకాలంలో అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుదించుకుంటుంది. పొడవున మాత్రం మార్పు దాదాపు ఉండదు. అందుకని చెక్క తేమ నూటికి 8 నుండి 12 పాళ్ళ మధ్య ఉండేట్టు చూసుకోవాలి. సముద్రతీరపు ఊళ్ళలో కాస్త ఎక్కువైనా ఫరవాలేదు. పలకలను వేయబోయే గదిలోనే కొన్నాళ్ళు ఉంచాలి. గోడల వెంబడి సుమారు 10 మిల్లీమీటర్ల సందు వదలాలి. కొత్త స్లాబు ఆరిందో లేదో తెలియాలంటే, పాలిథిన్ కాగితం అంచులు అంటించి ఒకరోజు ఉంచండి. అడుగున నీటి చెమర్పు కనిపిస్తే ఇంకా ఆగాలి.

ఈ లెక్కన చూస్తే మా పాత దూలాలే మేలనిపించాయి. అవి ఏనాడో ఆరిపోయిన చేవ. ఐతే పాత కర్రకూ పరీక్ష ఉంది. సన్నని రంధ్రాలూ, పిండిలాంటి పొడీ కనిపిస్తే పురుగున్నట్టే. మేకులు దాగి ఉంటే రంపం పళ్ళు విరుగుతాయి, కనుక అయస్కాంతంతో వెతికించాలి. తమ్ముడు చివరకు వాటినే కోయించాడు. రెండు పడకగదులకు పలకలు సరిపోయాయి.

“నీళ్ళు పోసి కడగకూడదంటే అది నేల ఎలా అవుతుందిరా?” అన్న అమ్మ ప్రశ్నకు మాత్రం మా దగ్గర జవాబు లేదు. వంటింటికీ, పూజగదికీ, హాలుకూ రాయే వేయించాం. అది న్యాయం కూడాను. కర్ర నేలను ఊడ్చి, గట్టిగా పిండిన తడిగుడ్డతో తుడవాలి. నీళ్ళు ఒలికితే వెంటనే అద్దాలి. కుర్చీకాళ్ళకు గుడ్డ అంటించాలి. పెద్దవాళ్ళు తిరిగే గదిలో అద్దంలా జారే మెరుగు వద్దు.

ఇంత ఓపిక లేనివారు నాపరాయి పరుచుకోవడమే మంచిది. దాని చల్లదనం, దాని అందం దానికున్నాయి.