ఆటస్థలమూ పనిస్థలమే

'విశ్రాంతి' అనే మాట వినడానికి ఎంతో హాయిగా ఉంటుంది. దాని పుట్టుకను విచారిస్తే మాత్రం ఒక చిత్రమైన విషయం బయటపడుతుంది. 'శ్రమ' అనే పదం ఏ ధాతువునుండి పుట్టినదో 'విశ్రాంతి' కూడ ఆ ధాతువునుండే పుట్టినది. ముందు 'వి' అనే ఉపసర్గ చేరి, శ్రమ తొలగిన స్థితిని ఆ మాట చెబుతున్నది. అయినా శ్రమ ఆ మాటను విడిచి ఎక్కడికీ పోలేదు; దాని లోపలనే ఉన్నది. లోకంలోని తీరు కూడ ఇట్టిదే. ఒకరి విశ్రాంతి వెనుక మరియొకరి శ్రమ తప్పక ఉంటుంది. ఈ సంగతి మరచి ఆటస్థలాలను, వినోదస్థలాలను తనిఖీ చేయబూనినవారు సగం పని మాత్రమే చేసినవారవుతారు.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో స్థాపితమైనది. 1939 డిసెంబరు 4వ తేదీన ప్రారంభోత్సవం జరిగిన ఆర్ట్సు కళాశాల భవనాన్ని చూసి ముగ్ధులు కానివారు అరుదు. ఆ ఆవరణలోని చెట్లనీడలకు తార్నాకనుండి, హబ్సీగూడనుండి ప్రతి ఉదయమూ నడకకై వచ్చే పెద్దలున్నారు. మైదానాలలో పరుగులు తీసే విద్యార్థులున్నారు. 2002లో హైదరాబాదులో జరిగిన జాతీయ క్రీడలకై కట్టిన సైకిలు పందెపు బాట కూడ అక్కడనే కలదు. వీరందరికీ అది ఉల్లాసస్థలం. కాని వీరికన్న ముందుగా లేచి వచ్చేవారు కొందరుంటారు. గడ్డి కోసేవారు, సున్నంతో గీతలు గీసేవారు, చెత్త ఊడ్చేవారు, గేటు దగ్గర కాపలా కాసేవారు. వీరికి అదే పనిస్థలం. 'తార్' అంటే తీగె, 'నాకా' అంటే కాపలాచోటు. తార్నాక పేరులోనే కాపలా ఉన్నది! కావలివానిని కాచేదెవరు అన్నదే ఇచ్చట మన ప్రశ్న.

పనివాని విశ్రాంతిని గూర్చి చట్టం ఆలోచించకపోలేదు. 250 మందికి మించి పనిచేసే కర్మాగారంలో భోజనశాల, 150 మందికి మించిన చోట విశ్రాంతిగది ఉండవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం శాసించింది. 1956లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన 102వ సిఫారసులో భోజన, విశ్రాంతి వసతులతోపాటు వినోద వసతులను కూడ కార్మిక సంక్షేమంలో చేర్చింది. 2020లో మన పార్లమెంటు ఆమోదించగా 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి పాత సంఖ్యలను తగ్గించింది. భోజనశాలకు 100 మంది, విశ్రాంతిగదికి 50 మందికి పైన అన్నది.

ఇది సంతోషించదగిన మార్పే. అయితే ఒక మైదానంలో పనిచేసేవారు ఎందరు? ముగ్గురో, నలుగురో. వారిలోను కొందరు గుత్తేదారు పంపినవారు. 50 అనే గీత వీరి తలపైనుండి దాటిపోతుంది. అపాయంలేని పనిస్థలాన్ని సమకూర్చడం యజమాని ధర్మమని అదే స్మృతి చెబుతున్నది. ఆ ధర్మానికి 50 మంది లెక్క లేదు. విద్యాసంస్థ కూడ పారిశ్రామిక వివాదాల చట్టం దృష్టిలో పరిశ్రమయేనని 1978లో బెంగుళూరు నీటి సరఫరా సంస్థ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1988లో మరొక తీర్పులో, ఉపాధ్యాయుడు మాత్రం ఆ చట్టం చెప్పిన 'కార్మికుడు' కాడన్నది. న్యాయశాస్త్రపు మెలికలను అటుంచి చూస్తే, బడిలో మనం పాఠం చెప్పుకొనే వేళ బయట మైదానంలో ఒక కార్మికుడున్నాడన్న స్పృహ ఆ తీర్పులవలన మనకు కలుగవలెను.

ఏదైనా ఒక ఈతకొలనును ఉదాహరణగా తీసుకొందాము. తనిఖీకి వచ్చినవారు లోతు తెలిపే అంకెలున్నవా, నీరు తేటగా ఉండి అడుగు కనబడుతున్నదా, నీటి ఆమ్ల క్షార ప్రమాణం 7.2కు, 7.8కి నడుమ ఉన్నదా అని చూస్తారు. ఈతగాని క్షేమానికి ఇవి అవసరమే. ఆ పక్కనున్న చిన్నగది తలుపు మాత్రం తెరవరు. బ్లీచింగు పొడి, ఆమ్లము నిలువచేసేది ఆ గదిలోనే. ఆ రెండూ కలిస్తే క్లోరిను వాయువు పుడుతుంది. 1915లో బెల్జియం యుద్ధరంగంలో సైనికుల ప్రాణాలు తీసిన వాయువు అదే. రెండింటినీ వేరువేరు చోట్ల ఉంచినారా? గదికి గాలి వచ్చే దారి కలదా? పొడిని కొలిచే మనిషికి చేతితొడుగులు, కళ్ళద్దాలు ఇచ్చినారా? తడినేలమీద నిలబడి అతడు నొక్కే మోటారు మీటకు ఎర్తు సరిగా ఉన్నదా? రసాయనశాలలో విద్యార్థికి తొలిపాఠంగా చెప్పే జాగ్రత్తలే ఇవి. కొలను దగ్గరి పనివానికి వీటిని చెప్పినవారెవరు?

మైదానం సంగతీ అంతే. గోలుస్తంభాలను నేలలో గట్టిగా బిగించకపోతే అవి ఒరిగి మీద పడతాయి. ఆ ప్రమాదం ఆడే పిల్లవానికెంతో, వాటిని మోసి మార్చే పనివానికీ అంతే. గీతలు గీసే సున్నం గాలికెగిరి కంటిలో పడితే చూపుకే ముప్పు. వేసవిలో మిట్టమధ్యాహ్నం గడ్డి తడిపేవానికి వడదెబ్బ భయం. 1958లో కూనూరునుండి హైదరాబాదుకు తరలివచ్చి తార్నాకలో వెలసిన పోషకాహార పరిశోధన సంస్థ, మనిషి చేసే పని తేలికదా, మధ్యమమా, కఠినమా అని విభజించి అతనికి కావలసిన ఆహారాన్ని లెక్కకట్టింది. ఎండలో గడ్డియంత్రం నెట్టడం తేలికపని అని ఎవరనగలరు?

ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా పనిచేసి, భారత ఫుట్‌బాలు జట్టుకు శిక్షకుడై 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో బంగారుపతకాలు సాధించిపెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం ఉపాధ్యాయలోకానికి గర్వకారణం. 1952 హెల్సింకీ ఒలింపిక్సులో మన ఆటగాళ్ళు పలువురు వట్టికాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయినారు. ఆ తరువాతనే మన ఆటగాళ్ళకు బూట్లు తప్పనిసరి అయినవి. ఆటగాని పాదాలకు ఆనాడే రక్షణ దొరికింది. గడ్డికోత యంత్రం వెనుక రబ్బరు చెప్పులతో నడిచే మనిషిని ఈనాటికీ ఎన్ని ఊళ్ళలో చూడడంలేదు!

కావున తనిఖీ జరుపవలసిన పద్ధతినే కొంత మార్చవలసియున్నది. తనిఖీ అధికారి మొదట పరికరాల దగ్గరకు కాక మనుషుల దగ్గరకు పోవలెను. 'ఇక్కడ నీకు భయం కలిగించే పని ఏది?' అని అడుగవలెను. ఏ స్విచ్చి తగిలితే జివ్వుమంటుందో, ఏ మెట్టు జారుతుందో అతనికి తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియదు. ప్రాణాపాయం తోచినప్పుడు యజమానికీ, తనిఖీ అధికారికీ తెలుపుకొనే హక్కును కొత్త స్మృతి ఉద్యోగికి ఇచ్చింది. అడిగేవారు లేనిచోట ఆ హక్కు నోరు తెరవదు. పిదప చూడవలసినవి తాగునీరు, నీడ, కూర్చునే చోటు, స్త్రీలకు ప్రత్యేకమైన మరుగుదొడ్డి, ప్రథమచికిత్స పెట్టె. చివరిది తనిఖీ పుస్తకం. లోపం ఎన్నడు కనబడినది, ఎవరు సరిచేసినారు, ఎన్నడు సరిచేసినారు అనే మూడు గడులు అందులో ఖాళీగా ఉంటే, అధికారి సంతకం ఎంత అందంగా ఉన్నా వ్యర్థం.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. జూన్‌లో బడులు తెరిచేముందు మీ మైదానాన్ని ఒకసారి చుట్టిరండి. వెంట ఇద్దరు పైతరగతి విద్యార్థులను, తప్పక మైదానం పనివానిని తీసుకొనిపోండి. అతడు ముందు నడవవలెను, మీరు వెనుక నడవవలెను. అతడు చెప్పినది విద్యార్థులు రాసుకొనవలెను. వ్యాసరచనకు అంతకన్న మంచి విషయం ఆ ఏడాదిలో మరొకటి దొరకదు. ఆ కాగితాన్ని ప్రధానోపాధ్యాయుని బల్లపై ఉంచి, నెల తిరిగేలోపల మరల అతనితోనే ఆ దారిన నడిచి, రాసినవాటిలో ఎన్ని బాగుపడినవో చూడండి.